గుప్పెడు సంచి

బల్ల మీద మూడు సంచులు. ఒకదాన్నిండా ఇసుక, ఒకదాన్నిండా ప్లాస్టిక్ పూసలు. మూడోదీ పూసలదే, గుప్పిట్లో ఇమిడేంత చిన్నది.

రైఫిల్ ముందు భాగానికి రెండు కాళ్ళ స్టాండుంది. భుజానికి ఆనే తుపాకి మడమ కింద ఏ సంచి పెట్టాలో ఇవాళే తేలాలి. రేపు పొద్దున్నే జట్టు ఎంపిక. ఈసారీ తప్పితే రైఫిల్‌ని అటకెక్కించేస్తానని ఆమె తనకు తానే చెప్పుకుంది.

బోర్లా పడుకుని, మడమ కింద పెద్ద పూసల సంచిని ఎడమచేత్తో పట్టుకుని ఐదు పేల్చింది.

మాస్టారు టెలిస్కోపులోంచి చూశారు. తూటాలతో పాటు మాటల్ని కూడా లెక్కపెట్టి వాడే మనిషి.

"నిచ్చెన వేశావు."

గురి అట్ట మీద ఐదు చిల్లులూ ఒకదాని కింద ఒకటి. సంచి నొక్కితే మడమ లేచి గుండు కిందికి పోతుంది, వదిలితే పైకి. ఆమె గుప్పిట ఆగకుండా నొక్కుతూ వదులుతూనే ఉంది.

"రాత్రి నిద్రపోయావా?"

"పోయాను మాస్టారూ."

పచ్చి అబద్ధం. కళ్ళు మండిపోతున్నాయి.

ఆయన ఇసుక సంచి పెట్టారు. అది బండలా కూర్చుంది.

"దీన్ని పిసకక్కర్లేదు. గురి కుదిరాక చెయ్యి వదిలెయ్."

ఐదు పేల్చింది. మళ్ళీ నిచ్చెనే.

"వదిలెయ్యమన్నానా?"

"వదిలితే అమ్మ లేస్తుంది."

అనేసి నాలుక కరుచుకుంది.

మూడు నెలలుగా మంచం పట్టిన అమ్మ ఆమె ఎడమచెయ్యి పట్టుకునే నిద్రపోతుంది. మధ్యమధ్య నొక్కి చూస్తుంది, తిరిగి నొక్కాలి. చెయ్యి తీస్తే ఇల్లు ఎగిరిపోయేలా కేకలు. రేపు తను కూర్చుంటానని వదిన అంది గానీ, వదిన చేతిని అమ్మ ఒప్పుకోదు. ఉంగరాలు గుచ్చుకుంటాయట.

మాస్టారు ఇసుక సంచిని మడమ కిందే ఉంచారు. చిన్న సంచి తెచ్చి ఆమె ముందు పెట్టారు.

"ఇది ఎడమచేత్తో పట్టుకుని ఛాతీ కింద పెట్టుకో. ఎంత పిసుక్కుంటావో పిసుక్కో."

ఐదు పేల్చింది. అట్ట మీద అంచులు చిరిగిన ఒక్కటే చిల్లు.

"ఇసుక సంచే. ఖాయం."

ఆమె లేవలేదు. చెంప చాపకి ఆనించి కాసేపలా ఉండిపోయింది. సంతోషపడే ఓపిక కూడా లేదు.

"చిన్నది ఇంటికి తీసుకెళ్ళనా మాస్టారూ?"

"తుపాకికి అది పనికిరాదమ్మా."

"తుపాకికి కాదు."

ఆ మధ్యాహ్నం ఇంట్లో అమ్మ కళ్ళు మూతలు పడుతున్నాయి. వేళ్ళు చెయ్యి కోసం వెతికాయి. ఆమె అలవాటుగా ఎడమచెయ్యి అందించింది.

కుడి చంకలో చిన్న సంచి వెచ్చబడుతోంది.

గురక మొదలయ్యాక ఒక్కో వేలూ వెనక్కి తీసుకుంది. ఖాళీ అయిన ఆ గుప్పిట్లోకి సంచిని జార్చింది. ఊపిరి బిగబట్టి, మంచం చప్పుడు కాకుండా లేచింది.

అమ్మ సంచిని ఒకసారి నొక్కింది. పూసలు మెల్లగా కదిలాయి.

"ఉన్నావుటే?" అంది నిద్రలోనే.

"ఉన్నానమ్మా," అంది ఆమె, గుమ్మం దగ్గర్నుంచి.