ఆశీర్వాదం కట్

విజయనగరంలో బట్టతల కనిపించి ముప్ఫై ఏళ్లయింది. జుట్టు నాటించుకోవడం, ముడతలు తీయించుకోవడం మామూలైపోయాక, ఇరవై ఏళ్లవాడికీ ఎనభై ఏళ్లవాడికీ ఒకటే నల్లటి క్రాపు, ఒకటే నున్నటి మొహం.

డెబ్బై ఒక్క ఏళ్ల అప్పలసూరి, నూకరాజు సెలూన్‌లో కూర్చుని గోడు వెళ్లబోసుకున్నాడు.

"రేపు మా మనవరాలి పెళ్లి. నిశ్చితార్థంలో పెళ్లికొడుకు నా భుజమ్మీద చెయ్యేసి 'ఏటి బావా' అన్నాడు. ఒక్కడూ నా కాళ్లకి దండం పెట్టలేదు!"

"ఆశీర్వాదం కట్ చేసేత్తాను బాబూ. నడినెత్తిమీద అరచెయ్యంత నున్నగా, చెవుల పక్కన నెరుపు. మళ్లీ మొలవడానికి నాలుగు నెలలు పడతాది."

"సహజంగా ఉండాలి సుమా!"

"నాటిన జుట్టు పీకెయ్యడం కన్నా సహజం ఏటుంటాది?"

మర్నాడు మండపంలో ఆ తల మెరవగానే జనం వరస కట్టేశారు. పెళ్లికొడుకు, ఫొటోగ్రాఫరు, ఆఖరికి పురోహితుడు కూడా వంగి దండం పెట్టారు. అక్షింతలు చల్లి చల్లి అప్పలసూరికి చెయ్యి నొప్పెట్టింది. మొహాలు చూడడం మానేసి, వంగిన ప్రతి క్రాపునీ "నూరేళ్లు చల్లగా ఉండు నాయనా" అని దీవించేస్తున్నాడు.

ఒక క్రాపు మాత్రం వంగింది గాని లేవలేదు.

"గొంతు తెలిసినట్టుందే. నువ్వట్రా సూరీ?" అని కిందనుంచి వినిపించింది.

అప్పలసూరి వంగి చూశాడు. తనకంటే ఎనిమిదేళ్లు పెద్దవాడైన సొంత అన్న!

"అన్నయ్యా, తప్పయిపోయింది!"

"దీవించింది చాలు గాని, నడుం పట్టేసింది, ముందు నన్ను లేపు. ఆనక తిన్నగా నీకీ బట్టతల చేసిన సెలూన్‌కి తీసుకుపో."