ఒకే రంగు దీపం

ఇంటింటి గోడకూ వైద్యయంత్రం వచ్చాక, అవయవం ఎవరు ఇవ్వొచ్చో అదే తేలుస్తోంది. పైడితల్లికి కిడ్నీ ఇస్తానని మొగుడు అప్పన్న అందులో వేలు పెట్టగానే ఎర్రదీపం వెలిగింది.

"దాత రక్తంలో కామెర్ల వైరస్ ఉంది. రోగికి సోకుతుంది. ఈ కిడ్నీ పనికిరాదు," అంది యంత్రం.

అప్పన్న మొహం వాడిపోయింది. చిక్కుళ్ళకు ఈనెలు తీస్తున్న పైడితల్లి మాత్రం పకపకా నవ్వింది.

"ఆ వైరస్ నాకూ ఉంది కదేటి! ఉన్నదే మళ్ళీ ఎలా సోకుతాది?"

"దాత రక్తమే చూడాలని నిబంధన."

"అది రాసినోడు నన్ను మర్చిపోనాడన్నమాట."

ఆమె చెయ్యి కొంగుకు తుడుచుకుని తన వేలు పెట్టింది. మళ్ళీ ఎర్రదీపమే వెలిగింది. పైడితల్లి యంత్రం వైపు వేలు చూపించింది.

"సూసినావా, ఇద్దరిదీ ఒకటే ఎరుపు. డాక్టరమ్మని పిలువు, నీ నిబంధన సంగతి ఆవిడే తేలుస్తాది. మావా, నువ్వు ఆస్పత్రికి సంచీ సర్దు."