వీరభద్రానికి పంచిన పత్తాలు

వీరభద్రం చనిపోయిన పదకొండో రోజు భోజనాలు ముగిశాక, చీకటి పడుతుండగా బియ్యం దుకాణం మీది గదిలో ముగ్గురం చేరాం. ఎప్పుడూ ఆడే నవ్వుల పత్తాలాటే. ఒకడు ప్రశ్న చదువుతాడు. మిగతావాళ్లు తమ జవాబుల్లోంచి ఒకటి బోర్లా వేస్తారు. జవాబులన్నీ ఎవరివి వాళ్లం అట్టముక్కల మీద చేత్తో రాసుకున్నవే.

మహిపాల్ అలవాటు కొద్దీ నలుగురికీ ఎవరి పత్తాలు వాళ్లకు పంచాడు.

"ఉండనియ్ బావా, వాడు గూడ ఆడుతడు," అన్నాడు రాంప్రసాద్. ఖాళీ కుర్చీ ముందు చాయ్ కూడా పెట్టాడు. బతికుండగా వీరభద్రానికి మాలో ఎవడూ ఇంత మర్యాద చేయలేదు.

మహిపాల్ చదివాడు. "అర్ధరాత్రి దోస్తు ఫోన్ చేస్తే ఏం చేస్తవు?"

పోయిన రాత్రి గుండెనొప్పితో వీరభద్రం నాకు మూడుసార్లు ఫోన్ చేశాడు. చూసి కూడా ఎత్తలేదు. ఛార్జింగ్ లేదని వాడి భార్య భారతి ముందు ఏడ్చాను.

చేతికందిన పత్తా వేశాను. రాంప్రసాదూ వేశాడు. మహిపాల్ ఒక్కోటీ తిప్పి చదివాడు.

"'మేకతోని మాట్లాడిపిస్త.' ఇది రాంప్రసాద్‌ది! 'పెండ్లానికిస్త, తిట్లు తిననీ.' ఇది నీది."

ఇద్దరూ పగలబడి నవ్వారు. వాటి కింద ఇంకో పత్తా ఉంది.

"'చూసి, ఫోన్ బోర్లా పెడత.'" మహిపాల్ నవ్వు ఆగిపోయింది. "ఇది వీరభద్రం రాత. ఎవరేసిండ్రు?"

ఫ్యాను కిర్రుమంటోంది.

"నేనే," అన్నాను. "నేనే ఏసిన. ఇగ బంద్ చెయ్ బావా, నీ కాళ్లు మొక్కుత."

మహిపాల్ ఖాళీ కుర్చీ వైపే చూస్తున్నాడు.

"నీది ఇందాకనే సదివిన గదరా."