సింహం వేసిన తురుపు

అడవిలో వాగు ఒడ్డున పేకాట జరిగేది. ఆటలో తగవులు తీర్చే పెద్ద, తాబేలు. అడిగిన రంగు చేతిలో ఉంటే అదే వెయ్యాలి, లేనప్పుడే తురుపు; తప్పితే ఎదుటి జట్టుకి రెండు పట్లు ఇచ్చుకోవాలి.

ఆ పూట ఇస్పేటు అడిగితే సింహం తురుపు వేసి ఆ పట్టు ముక్కలన్నీ లాక్కుంది. కాసేపటికి దాని పంజాలోంచే ఇస్పేటు రాణి బయటపడింది. ఆడుతున్న జంతువులన్నీ అది చూసి, తమ ముక్కల్లోకి తలలు దించుకున్నాయి. ఎదుటి జట్టు ఉడుత మాత్రం తాబేలును పిలిచింది.

తాబేలు తాపీగా వచ్చి ముక్కలు తిరగేసి చూసింది. "రంగు ఉండి తురుపు వేశారు దొరా. రెండు పట్లు ఉడుతకి ఇచ్చెయ్యండి."

"నిన్ను నమిలి మింగేస్తే?" గర్జించింది సింహం.

తాబేలు తల లోపలికి లాక్కుంటుందనే అనుకుంది ఉడుత. అది మెడ ఇంకాస్త చాచింది.

"ముందు పట్లు ఇచ్చి, ఆ తర్వాత మింగండి."

సింహం రెండు పట్లూ మెల్లగా ఇవతలికి తోసింది. ఉడుత వాటిని అందుకోవడం మరిచి, ఆ సన్నటి మెడ వంకే చూస్తూ ఉండిపోయింది.