ట్రెగేర్ మేకు

నెవాడా వెండి గనిలో దిగేవాడు తన ఇత్తడి బిళ్ళను మేకు మీంచి తీసుకెళ్ళాలి, పైకొచ్చాక మళ్ళీ తగిలించాలి. ఆ రాత్రి అందరూ పైకొచ్చేశారు. అయినా అడుగునుంచి గంట మూడుసార్లు మోగింది. మనుషులున్నాం, లాగండని దానర్థం.

"గాలికిలే," అన్నాడు మనుషుల తొట్టిని పైకి లాగే యంత్రం దగ్గరున్న జోరీ.

పోయిన వారం తన భాగస్వామి ట్రెగేర్‌ను గని అడుగునే పొడిచి చంపి, రాళ్ళ కింద కప్పెట్టింది జోరీయే. ట్రెగేర్ బిళ్ళను పైకి తెచ్చి మేకుకు తగిలించిందీ అతనే. ట్రెగేర్ ఊరొదిలి ఉడాయించాడని అందరూ నమ్మారు.

"గాలికి లెక్కలొచ్చట్రా?" కాపలాదారు హాకింగ్ నవ్వుతూ లాంతరెత్తాడు. "ఇదిగో, ట్రెగేర్ మేకు ఖాళీ! దొంగసచ్చినోడు ఎప్పుడొచ్చాడో! లాగు మావా, పాపం."

గంట మళ్ళీ మూడుసార్లు మోగింది. జోరీ మీట తిప్పాడు.

తాడు బరువుగా కదిలింది.