అద్దం వెనక లైటు

తెర మీది లెక్కలు వివరిస్తూ శ్యామ్ వెనక్కి తిరిగేసరికి కుర్చీలన్నీ ఖాళీ. టీమంతా కిటికీ దగ్గర గుమిగూడి ఉంది. తిరుపతి చేతిలో ఫోన్ పట్టుకుని కిందికి తొంగి చూస్తున్నాడు.

"ఏం జరుగుతోంది అక్కడ?"

"ఒక్క నిమిషం సార్. వచ్చిండ్రు" అన్నాడు తిరుపతి, తల తిప్పకుండానే.

మర్నాడు పొద్దుటికల్లా క్లయింటుకు పని అప్పగించాలి. శ్యామ్‌కు ఒళ్లు మండింది. ఎవరొచ్చారని గట్టిగా అడిగితే, ప్రశాంతి కాస్త సిగ్గుపడుతూ చెప్పింది. ఎదుటి ఫుట్‌పాత్ మీదికి రోజూ సాయంత్రం ఈ వేళకు ఒక పెద్దావిడ, ఒక చిన్నపిల్ల వస్తారట. పిల్ల ఈ బిల్డింగు వైపు తలెత్తి చెయ్యి ఊపుతుందట. బయటి నుంచి చూసేవాళ్లకు ఇదంతా నల్లటి అద్దాల గోడ, లోపల మనుషులున్నదీ లేనిదీ తెలియదు. మరి ఎవరికి ఊపుతున్నట్టు? దాదాపు నెల నుంచి టీమంతా దీని మీదే తలలు బద్దలు కొట్టుకుంటోంది. ఒకరోజు బాగా మబ్బు పట్టి ఉంటే తిరుపతి సరదాకి ఫోన్ టార్చి వేసి అద్దానికి ఆనించాడు. ఆ వెలుగు ఎలా కనబడిందో ఏమో, పిల్ల ఎగిరి గంతులేసింది. అప్పటి నుంచి రోజూ వేస్తున్నాడు.

"సెక్యూరిటీల చేసే ఎవరి పాపనో అని తిరుపతి అంటడు. నాకైతే క్యాంటీన్ వాళ్ల బిడ్డ అనిపిస్తది. మీరు గూడ జర చూడుండ్రి సార్" అంది ప్రశాంతి.

శ్యామ్ చూడలేదు. తిరుపతిని ఫోన్ జేబులో పెట్టుకోమన్నాడు. తాడు లాగి కిటికీ తెర కిందికి దించేశాడు. అందరూ వచ్చి బుద్ధిగా కూర్చున్నారు. కానీ ఆ తర్వాత అతను చెప్పింది ఎవరూ సరిగ్గా వినలేదు.

వింతేమిటంటే, శ్యామ్ మనసూ తన మాటల మీద నిలవలేదు. ఇన్ని వేలమంది పనిచేసే బిల్డింగులో ఆ పిల్ల ఎవరి కోసం చెయ్యి ఊపుతోంది? ఆ ఎవరికో ఈ సంగతి తెలుసా? మీటింగు ముగించి, అందరూ వెళ్లాక, తెరను కొంచెం పక్కకు తప్పించాడు.

వాళ్లింకా వెళ్లలేదు. సన్నగా తుంపర పడుతోంది. పదకొండో అంతస్తు నుంచి చూస్తే ఒక నీలం గొడుగు, దాని పక్కన రెయిన్‌కోటు టోపీ, అంతే. పిల్ల గొడుగులోంచి బయటికి వచ్చి చెయ్యి ఊపుతోంది. ఆగుతోంది. మళ్లీ ఊపుతోంది. గొడుగు నాలుగడుగులు ముందుకు వెళ్లింది. పిల్ల కదల్లేదు. గొడుగే వెనక్కి వచ్చింది.

శ్యామ్ చెయ్యి దానంతటదే జేబులోకి వెళ్లింది. ఫోన్ బల్ల మీద ఉండిపోయింది. అది తీసుకుని వచ్చేసరికి గొడుగు, టోపీ రెండూ ఆటోల వైపు నడుస్తున్నాయి.

తనేం చేస్తున్నాడో తనకే తెలియకుండా లిఫ్టు దగ్గరికి పరుగెత్తాడు. లిఫ్టు ప్రతి అంతస్తులోనూ ఆగుతూ దిగింది. రోడ్డు దాటేసరికి అక్కడ ఎవరూ లేరు. బొగ్గుల మీద మక్క కంకులు కాలుస్తూ ఒకామె కూర్చుని ఉంది. ఆటోవాళ్లు సత్తెమ్మా అని పిలుస్తున్నారు. ఈమె ఎప్పటి నుంచి ఇక్కడ కూర్చుంటోందో శ్యామ్‌కు తెలియదు.

"గొడుగు వేసుకున్న ఒక పెద్దావిడ, పాప..."

"గిప్పుడే ఆటో ఎక్కిండ్రు. పోరి ఏడ్సుకుంట పోయింది."

"ఎవరమ్మా వాళ్లు?"

సత్తెమ్మ విసనకర్ర ఆపి అతన్ని ఎగాదిగా చూసింది. "నన్నడుగుతవేంది సారూ? చెయ్యి ఊపేది మీ బిల్డింగుకే గద."

శ్యామ్ ఒక కంకి కొనుక్కుని అక్కడే నిలబడి తిన్నాడు. కింద నుంచి తన ఆఫీసును చూడటం అదే మొదటిసారి. తన అంతస్తు ఏదో పోల్చుకోలేకపోయాడు. అద్దాల మీద మబ్బులు నడుస్తున్నాయి తప్ప ఇంకేమీ కనబడలేదు. ప్రశాంతికి ఫోన్ చేసి, మిగిలింది మీరు చూసుకోండి, నేను ఇంటికి వెళ్తున్నానన్నాడు. రేపటి నుంచి లైటు మాత్రం మానొద్దని తిరుపతికి చెప్పమన్నాడు.

కొండాపూర్ దాకా కారులో ఆ పిల్ల గురించే ఆలోచించాడు. ఎవరి బిడ్డో తన మూలంగా ఏడుస్తూ ఇంటికి వెళ్లింది. తన కూతురు దేవిశ్రీ ఏడిస్తే ఎలా ఉంటుందో గుర్తు తెచ్చుకోబోయాడు. రోజూ అది నిద్రపోయాకే కదా తను ఇల్లు చేరేది. ఈవేళ మెలకువగా ఉంటుందనుకుంటే, ఎర్రలైటు పడ్డ ప్రతిచోటా ప్రాణం కొట్టుకుంది.

తలుపు తీసిన తల్లి భ్రమరాంబ గడియారం వైపు చూసింది. "ఇంత పెందరాళే వచ్చావేంట్రా? మంచి పని చేశావు. కొత్త డాన్సు క్లాసు నుంచి వచ్చినప్పట్నుంచీ దాని మూతి చూడు. అన్నం వద్దంటోంది. ఎందుకని అడిగితే నాతో చెప్పదట, నీతోనే తేల్చుకుంటుందట."

దేవిశ్రీ సోఫాలో గోడవైపు తిరిగి కూర్చుని ఉంది. నుదుటి మీది జుట్టింకా తడిగానే ఉంది. శ్యామ్ పక్కన కూర్చుని, ఎవరి మీదమ్మా కోపం అని మెల్లగా అడిగాడు.

పాప ఇటు తిరిగింది. కళ్లు ఎర్రబడి ఉన్నాయి.

"చెయ్యి నొప్పెట్టేదాకా ఊపాను. ఇవాళ లైటెందుకు వెయ్యలేదు నాన్నా?"