నాంచారమ్మకు దొరికిన జవాబు

“మా ఆయన్ని తీసుకుపోయింది దేవుడా, గాలా? మీరే చెప్పాలి సారూ.”

హాలంతా వెనక్కి తిరిగి చూసింది.

బందరులో ఆ చర్చి హాల్లో ఆదివారం సాయంత్రాలు ఫిజిక్సు లెక్చరర్ శామ్యూల్ రాజ్ మాట్లాడేవాడు. విశ్వాసం, సైన్సు, సృష్టి, చావు... ఏదడిగినా చెప్పేవాడు. అన్ని మతాలవాళ్లూ వచ్చేవారు.

ఆ రోజు అడిగింది గిలకలదిండి రేవు నుంచి వచ్చిన నాంచారమ్మ. కిందటి నెల వాయుగుండంలో ఆమె మొగుడు వెళ్లిన మరపడవ తిరిగి రాలేదు.

శామ్యూల్ రాజ్ బోర్డు మీద బొమ్మ వేసి అల్పపీడనం గురించి చెప్పాడు. బైబిల్లోని యోబు కష్టాల గురించి చెప్పాడు. చప్పట్లు మోగాయి.

నాంచారమ్మ మాత్రం కూర్చోలేదు.

వెనక వరసలోంచి ఓ పెద్దాయన లేచాడు. అక్కడెవరూ ఎరగని మనిషి.

“అమ్మా, నీకు తెలియాల్సింది ఇదేనా? లోపల ఇంకేదన్నా ఉందా?”

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

“పొద్దున్నే పోట్లాడానండీ. ఇంట్లో కూర్చుంటే పొయ్యెలా వెలుగుద్ది అన్నాను. ఆ మాటకే వెళ్లాడు.”

“అంటే, నీవల్ల పోయాడా అని నీ ప్రశ్న.”

“అవునండీ.”

“ఆ పొద్దున మిగతా పడవలు వెళ్లలేదా?”

“అన్నీ వెళ్లాయండీ. తుఫాను కబురు మధ్యాహ్నానికి గానీ రాలేదు.”

“ఇంట్లో పోట్లాట లేనివాళ్లూ వెళ్లారుగా? నువ్వు నోరు మెదపకపోయినా వెళ్లేవాడే. అంతవరకూ తేలిపోయింది. ఇప్పుడెక్కడున్నాడన్నది మాత్రం మన తెలివికి అందదమ్మా. అది నీ దేవుణ్ణి అడుగు.”

నాంచారమ్మ ఉన్నచోటే కూలబడి భోరుమంది. మొగుడు పోయాక ఆమె ఏడవడం అదే మొదలని పక్కనామె చెప్పింది.

శామ్యూల్ రాజ్ బోర్డు తుడిచాడు. ఎవరూ అటు చూడటం లేదు.

మరుసటి ఆదివారం జనం ముందు వరసలు వదిలేసి వెనక్కి చేరారు. ప్రశ్నలన్నీ పెద్దాయనకే.

“ఆయన భలే విడమరిచి చెబుతారండీ,” అంది శామ్యూల్ రాజ్ భార్య రెబెకా కూడా.

అతను కంచం పక్కకి నెట్టేశాడు. ఏళ్ల తరబడి చదివింది తను, చెప్పింది తను. ఎవరో వచ్చి రెండు మాటలతో అంతా ఎగరేసుకుపోయాడు!

ఆ తర్వాతి ఆదివారం పెద్దాయనే దగ్గరికొచ్చాడు.

“సార్, మీతో ఒక్క మాట...”

“మీరేం చదువుకున్నారండీ?” అందరికీ వినబడేలా అడిగాడు శామ్యూల్ రాజ్.

“లెక్కల మేష్టారిగా చేసి రిటైరయ్యానండీ. నేను వచ్చింది...”

“అయితే లెక్కలు చెప్పుకోండి. ప్రసంగాలు చెయ్యాలనుంటే వేరే హాలు చూసుకోండి. ఇక్కడ కుదరదు.”

పెద్దాయన నమస్కారం పెట్టి వెళ్లిపోయాడు.

ఆ సాయంత్రం శామ్యూల్ రాజ్ మహా హుషారుగా మాట్లాడాడు.

కానీ వచ్చినవాళ్లల్లా “ఆ మేష్టారేరండీ?” అనే అడిగారు. వారాలు గడిచినా అదే మాట. ఆ మాట విన్నప్పుడల్లా ఒళ్లు మండేది. తనకి లేనిది ఆయన దగ్గర ఏముందో తేల్చుకోవాలనిపించింది. ఆ మధ్య ఆయన్ని పలకరించిన పాస్టరు గారినడిగి పేరూ ఊరూ తెలుసుకుని కోడూరు బస్సెక్కాడు.

తలుపు తీసింది పెద్దాయన భార్య ప్రేమమ్మ.

“సత్యవేదం మేష్టారున్నారాండీ?”

“పోయిన బుధవారం ప్రభువు దగ్గరికి వెళ్లిపోయారు బాబూ. గుండెపోటు. మీరెవరు?”

చెప్పాడు.

“మీరేనా!” ఆమె గబగబా కుర్చీ వేసింది. “బందరులో ఒక సారున్నారు, ఆయనైతే నా బాధ తీరుస్తారని బస్సెక్కేవారు. అడిగారా? మీరేం చెప్పారు బాబూ?”

శామ్యూల్ రాజ్ కుర్చీలో కూర్చోలేదు.

“ఏమడగడానికి వచ్చారమ్మా?”

ప్రేమమ్మ గోడకి ఆనుకుని నిలబడింది.

“గిలకలదిండి నుంచి వెళ్లి తిరిగిరాని ఆ మరపడవలో, వద్దు నాన్నా అంటున్నా వినకుండా మా ఒక్కగానొక్క పిల్లాణ్ణి ఇంజను పనికి ఎక్కించి వచ్చింది ఆయనే బాబూ.”